మావయ్యగారి మధ్యాహ్నపు నిద్ర

మామగారు బేకరీలో రాత్రంతా పనిచేసి ఇంటికి వచ్చేసరికి వీధిలో అందరూ ఎవరి పనుల్లోకి వాళ్ళు పోయి ఉంటారు. కనుబొమల మీద మైదా, ముంజేతుల మీద కాలిన మచ్చలు, ఒంటి నిండా వేడి బ్రెడ్డు వాసన. స్నానం చేసి, భోంచేసి, "అమ్మాయ్, పడుకుంటున్నా" అని కేకేసి వెనకగదిలోకి వెళ్తారు. ఆ కేక కోడలితోపాటు గోడ అవతలి టీచరమ్మకి కూడా వినబడాలి. గురక అందుకున్న కాసేపటికే గది చల్లబడిపోతుంది. కిటికీ అద్దాలకి ఆవిరి పడుతుంది. పైకప్పు దగ్గర సన్నటి పొగమంచు చేరి మెల్లగా కిందికి దిగుతుంది. బయట ఎండ పేలిపోతున్నా సరే, ఆ గదిలో పిల్లలు స్వెట్టర్లు తొడుక్కుని హోంవర్క్ చేసుకుంటారు. టీచరమ్మ వెన్నగిన్నె పట్టుకొచ్చి, "కరిగిపోతోందమ్మా, కాస్త మీ మామగారి తలాపున పెట్టు" అని ఇచ్చిపోతుంది.

కోడలు ఈ ఇంటికి కాపరానికి వచ్చినప్పుడు అత్తగారు ముందుగా చూపించింది దుప్పట్ల బీరువా. వంటిల్లు ఆ తర్వాతే. ఇప్పుడు అత్తగారు లేరు. దుప్పట్లకి ఎండ చూపించే పని కోడలిదయింది.

కోడలు పొద్దుటి పూట కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తుంది. ఒక వేసవిలో, షాపు పక్కనున్న పూలకొట్టాయన చిన్న కుండీ ఒకటి తెచ్చి చెత్తబుట్ట పక్కన పెట్టడం చూసి ఆగింది.

"అదేంటి, ప్రాణం ఉందిగా?"

"ఉందిగానీ ఉండదమ్మా. కొండ ఆర్కిడ్ ఇది, మబ్బుల్లో పుట్టిన పిల్ల. పగటి వేడి ఎలాగో ఓర్చుకుంటుంది. రాత్రి మాత్రం చల్లగా ఉండాలి. మన ఊరి వేసవి రాత్రి నీకు తెలియందేముంది? మొహాన తడిగుడ్డ కప్పినట్టుంటుంది. ముందు వేళ్ళు కుళ్ళుతాయి, తర్వాత ఆకులు రాలతాయి. అంతే."

ఆమె ఆ కుండీని చంకన పెట్టుకుని ఇంటికొచ్చి మామగారి గది కిటికీలో పెట్టింది. అక్కడ తప్ప ఇంట్లో ఇంకెక్కడా చోటు లేదు మరి. వానలు పడేనాటికి అది కొత్త ఆకు వేసింది.

ఇంక ఆమెని పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు. ఆర్కిడ్ల మీద దొరికిన పుస్తకమల్లా చదివింది. నీళ్ళు నిలవకుండా బెరడు ముక్కలూ నాచూ కలిపి మట్టికుండీల్లో నింపింది. తేమకి బూజు పట్టకుండా ఒక మూల చిన్న ఫ్యాను తిప్పి, గాలి ఆకుల్ని తాకీ తాకనట్టు పోయేలా చూసుకుంది. మామగారు పడుకోగానే కిటికీలకి మందపాటి నల్లగుడ్డ కట్టేది. ఆయన బేకరీకి వెళ్ళాక ట్యూబులైట్లు వేసేది. ఆ గదిలో మొక్కలకి మధ్యాహ్నమే రాత్రి, రాత్రే పగలు.

"ఇవీ నాలాగే నైట్‌డ్యూటీవి" అని మామగారు మురిసిపోయేవారు. బేకరీలో బన్నులు కొనడానికి వచ్చిన వాళ్ళని కూడా ఆపి చెప్పేవారు: "మా కోడలు కొండల్ని ఇంట్లో పెంచుతోంది."

మొదటి పువ్వు వికసించిన రోజు ఆయన పనిబట్టలు కూడా మార్చుకోకుండా దాని ముందు చాలాసేపు నిలబడి, "నేనింత నిద్రపోయినందుకు ఇన్నాళ్ళకి ఒక ఫలితం కనబడింది" అన్నారు.

కోడలు అక్కడితో ఊరుకోలేదు. నారింజరంగుదీ ఊదారంగుదీ రెండు కొండ ఆర్కిడ్లని, ఒకదాని పుప్పొడి ఇంకోదానికి అద్ది, తానే కలిపింది. దుమ్ములాంటి గింజల్ని సీసాలో మొలిపించి, ఏళ్ళ తరబడి పసిపిల్లల్లా సాకింది. బతికిన మొక్కల్లో ఒకటి చివరికి ఒక వేసవిలో మొగ్గ తొడిగింది. అలాంటి పువ్వు ఎలా ఉంటుందో ఇంకా ఎవరికీ తెలియదు. ఊరి పెద్ద తోటలో జరిగే పూల ఎగ్జిబిషన్‌కి ఆమె పేరిచ్చి వచ్చింది.

సరిగ్గా అప్పుడే ఆమె భర్తకి తండ్రి మీద ప్రేమ పొంగింది. తమ సొంత బేకరీకి పిండి కలిపే మిషను తెప్పించాడు. ఇద్దరు పనివాళ్ళని పెట్టాడు.

"ఇంక చాలు నాన్నా. హాయిగా ఇంట్లో కూర్చో" అన్నాడు.

కొడుకంటే ఇలా ఉండాలని వీధంతా మెచ్చుకుంది. మామగారూ నవ్వుతూనే ఒప్పుకున్నారు. కొన్నాళ్ళు బాగానే గడిచింది. తర్వాత ఆయనకి నిద్ర పట్టడం మానేసింది. మధ్యాహ్నం పడుకుని కప్పుకేసి చూస్తూ ఉండేవారు. చేతులు వాటంతటవే దిండుని పిసుకుతుండేవి. గది అన్ని గదుల్లాగే ఉడికిపోయింది. టీచరమ్మ వెన్నగిన్నె వెనక్కి తీసుకుపోయింది.

మొక్కల మొదళ్ళు నల్లబడ్డాయి. కోడలు తడి గోనెసంచులు వేలాడదీసింది, ఐసు దిమ్మలు పెట్టింది. ఏసీ పెట్టిస్తే గాలి ఎండిపోయి ఆకులు ముడతలు పడ్డాయి. మొగ్గ మాత్రం ముక్కుమూసుకుని కూర్చున్నట్టు అలాగే ఉండిపోయింది. దాని అంచు పసుపుపచ్చగా తిరుగుతోంది.

"మావయ్యా, కాస్త కన్ను మూసి చూడండి" అంది ఒకరోజు.

"మూస్తూనే ఉన్నానమ్మా. రావట్లేదు. ఒళ్ళు అలవకుండా నిద్ర ఎక్కణ్ణించి తేను?" అన్నారాయన, ఏదో తప్పు చేసినవాడిలా.

ఆ మాట ఆమె మనసులో కలుక్కుమంది. భర్త భోజనానికి వచ్చినప్పుడు కదిపింది.

"మావయ్యని మళ్ళీ బేకరీకి రమ్మనండి."

"నీకేమైనా మతిపోయిందా? ముసలి తండ్రిని పొయ్యి ముందు నిలబెట్టాడని లోకం నా మొహాన ఉమ్మేస్తుంది."

"లోకం హాయిగా నిద్రపోతోంది. నిద్ర లేనిది మీ నాన్నకే."

"అసలు సంగతి చెప్పు. నీ మొక్కల కోసమేగా?"

ఆమె కంచం తీసేసి, చేతులు కడుక్కుని, వెనకగదిలోకి వెళ్ళి కుండీలన్నీ ఒక బుట్టలోకి సర్దింది. మొగ్గ ఉన్న కుండీని అన్నిటికన్నా పైన పెట్టింది. బుట్ట ఎత్తుకుని గుమ్మం దాటబోతుంటే మామగారు అడ్డం వచ్చారు.

"ఎక్కడికమ్మాయ్?"

"పూలకొట్టాయనకి ఇచ్చేస్తాను మావయ్యా. ఇవి ఉన్నంతకాలం నేను మీ గురించి ఏం మాట్లాడినా వీటికోసమే అనుకుంటారు మీ అబ్బాయి. వీటిని వదిలించుకుని అప్పుడు అడుగుతాను."

పెద్దాయన ఆమె మొహం చూశారు, బుట్టలో మొగ్గని చూశారు. కొడుకు వైపు తిరిగారు. కొడుకు తలదించుకున్నాడు. మామగారు మేకుకి వేలాడుతున్న పాత ఏప్రన్ తీసుకుని నడుముకి బిగించారు.

"బుట్ట లోపల పెట్టమ్మా" అని, చెప్పులేసుకుని, మిట్టమధ్యాహ్నపు ఎండలో బేకరీకి నడిచిపోయారు. ఆయన వెనకాల కొడుకు పరుగు తీశాడు.

బేకరీలో ఆయన మిషను ఆపించి, పిండిలో చెయ్యి పెట్టారు. "దీనికి ఊపిరి ఆడట్లేదురా. జరుగు" అన్నారు. కొడుకు జరిగాడు. మొదట వద్దన్నట్టు చెయ్యి చాచాడుగానీ, తండ్రి భుజాలు పిండి మీదికి వంగిన తీరు చూసి ఆ చేతిని వెనక్కి తీసుకున్నాడు. కాసేపటికి తనూ చొక్కా చేతులు మడిచి పక్కన నిలబడ్డాడు. సాయంత్రం దాటి, రాత్రి గడిచి, మర్నాడు ఎండెక్కేదాకా తండ్రీకొడుకులు బ్రెడ్డు కాలుస్తూనే ఉన్నారు. కొనడానికి వచ్చిన వాళ్ళు అక్కడే నిలబడి తినేశారు.

ఇంటికొచ్చి మామగారు స్నానం కూడా చేయకుండా మైదా చేతులతోనే పక్క మీద వాలిపోయారు. ఇన్నాళ్ళు ఆగిన నిద్రంతా ఒక్కసారి వచ్చి మీద పడింది. చలి గదిలో పట్టలేదు. గుమ్మం దాటి, వంటింట్లోకి పాకి, పొగమంచు వీధిలోకి వచ్చింది. ఎదురింటివాళ్ళు శాలువాలు వెతుక్కున్నారు. టీచరమ్మ వెన్నగిన్నెతో పాటు నెయ్యి సీసా కూడా తెచ్చింది. కొడుకు వణుకుతూ గుమ్మంలో నిలబడి తండ్రిని చాలాసేపు చూశాడు. తర్వాత బీరువా తీసి, రెండు దుప్పట్లు తెచ్చి, ఒకటి తండ్రికి కప్పి, రెండోది భార్య భుజాల చుట్టూ వేశాడు.

"నాన్నని మూటలు మోసే పని మాత్రం చేయనివ్వను. అది పనివాళ్ళదే" అన్నాడు.

"అలాగే" అందామె.

ఎగ్జిబిషన్ ముందురోజుకి మొగ్గ విచ్చుకుంది. మూడు కోణాల పువ్వు. నిప్పుకణిక రంగు. ఒంటి నిండా ఊదారంగు నూగు, ప్రతి కోణానికీ దారంలాంటి తోక. మామగారు దాన్ని చూసి, "పొయ్యి నోరు తెరిచినట్టుంది" అన్నారు. ఆయన దగ్గర అంతకు మించిన పొగడ్త లేదు.

మర్నాడు తోటలోని హాలు జనంతో ఉడికిపోతోంది. బల్ల మీద పెట్టిన కాసేపటికే పువ్వు తోకలు వాలడం మొదలుపెట్టాయి. కోడలు కొంగుతో దానికి విసరసాగింది. అంతలో మామగారు బేకరీ నుంచి తిన్నగా, మైదా కనుబొమలతోనే వచ్చారు. ఒక కుర్చీ లాక్కుని, బల్ల పక్కన వేసుకుని, చేతులు కట్టుకుని కళ్ళు మూసుకున్నారు. గురక అందుకుంది.

హాలు చల్లబడింది. పువ్వు తల ఎత్తింది. చుట్టుపక్కల వాళ్ళు చప్పుడు చేయకుండా తమ కుండీల్ని కూడా ఆ కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు. తోట పెద్దావిడ జడ్జిగా వచ్చింది. కొంగు భుజం చుట్టూ కప్పుకుంటూ ఆ బల్ల దగ్గర ఆగింది.

"ఇది నేనింతవరకూ చూడలేదు. ఎక్కడిది?"

"నేనే కలిపానండీ."

"కొండమీదా?"

"కాదండీ. మా మావయ్యగారి గదిలో."

పెద్దావిడ నిద్రపోతున్న ఆయన్ని చూసి, అర్థమైనట్టు తలాడించి, గొంతు తగ్గించింది.

"మా తోటలో కొండమొక్కలకని కట్టిన గాజు ఇల్లు ఉంది. ప్రతి వేసవిలో అన్నీ పోతాయి, మళ్ళీ తెస్తాం, మళ్ళీ పోతాయి. దాన్ని మీరు చూసుకుంటారా? పూర్తిగా మీ చేతికే ఇస్తాం. పెద్దాయన కూడా మధ్యాహ్నాలు అక్కడికే వచ్చి పడుకుంటే…"

"ఆయన్ని అడగాలండీ. ఇప్పుడు లేపకూడదు."

పెద్దావిడ నిలబడి ఎదురుచూసింది. మొదటి బహుమతి రిబ్బను కుండీకి కట్టిన తర్వాత కూడా కదల్లేదు. మామగారు లేచి, సంగతి విని, ఆవలించారు.

"బేకరీ మానను. ముందే చెప్తున్నా."

"మానకూడదు కూడా" అంది కోడలు.

"అక్కణ్ణించి నడిచి రావచ్చా?"

"రావచ్చు మావయ్యా."

"అయితే సరే. మా కోడలు ఆఫీసరైతే నేను నిద్రపోలేనా?"

ఆ తర్వాతి సోమవారం కోడలు కళ్ళజోళ్ళ షాపుకి కాకుండా తోటకి వెళ్ళి, గాజు ఇంటి తాళం తీసింది. మామగారు ఆమె వెనకే లోపలికి వెళ్ళి, పడక ఎక్కడ వేస్తే తల దగ్గర గాలి ఆడుతుందో చూసుకున్నారు. అదే సమయానికి ఆమె భర్త తన తండ్రి మంచాన్ని నెత్తిన పెట్టుకుని, వీధి మధ్యలోంచి, అందరికీ కనబడేలా నడుస్తున్నాడు. రిక్షా పిలుస్తామన్నా వినలేదు.

"ఏమయ్యా, ఆ మంచం ఎక్కడికి?" అని టీచరమ్మ గేటులోంచి అడిగింది.

అతను ఆగి, మంచాన్ని సరిచేసుకుని, నిటారుగా నిలబడ్డాడు.

"మంచం కాదండీ" అన్నాడు. "మా నాన్న ఆఫీసు."