పడవ దగ్గర పడ్డ సొట్ట

శనివారం ఉదయం పదింటికి హార్లన్ స్లెటెన్ తమ్ముడి ఇంటికి కాఫీకి వస్తాడు. కారు తలుపు వేసి నాలుగడుగులు నడిచి, వెనక్కి వెళ్ళి తలుపు లాగి చూస్తాడు. మళ్ళీ నాలుగడుగులు, మళ్ళీ వెనక్కి. మూడోసారి చూసుకుంటే గానీ కాళ్ళు ముందుకు సాగవు. వంటింటి కిటికీలోంచి మరదలు మార్విస్ ఈ తతంగమంతా చూసి, మూడోసారి పూర్తయ్యాకే కప్పులో కాఫీ పోస్తుంది. ముందే పోస్తే చల్లారిపోతుందని ఆవిడకు నలభై ఏళ్ళ అనుభవం.

తమ్ముడు డ్వేన్ కాగితం మిల్లులో రిటైరై మూడేళ్ళయింది. ఉత్తర మిన్నెసోటాలో రిటైరైన మగవాడికి శీతాకాలం ఒక పరీక్ష. మొదటి ఏడు అతను రొట్టెలు కాల్చాడు. రెండో ఏడు చెక్క పక్షులు చెక్కాడు; వాటిలో కొన్ని పక్షుల్లాగే ఉండేవి. మూడో ఏడు నాన్న పంపు తుపాకీ గోడ మీంచి దించి గ్యారేజీలో బల్ల మీద పెట్టాడు.

అదేం గొప్ప తుపాకీ కాదు. నాన్న ఊళ్ళో ఇనప సామాన్ల కొట్లో కొన్నది. ముందుచెక్క వెనక్కి లాగితే లోపలి తూటా బయటపడుతుంది, ముందుకు తోస్తే కొత్తది ఎక్కుతుంది. గొట్టం తుప్పెక్కింది. భుజానికి ఆనించే వాల్‌నట్ చెక్క మీద నాన్న పూసిన పడవ వార్నిష్ పెచ్చులు లేచింది. ఆయన దేనికైనా పడవ వార్నిషే పూసేవాడు. భోజనాల బల్లకీ అదే, చర్చి బెంచీలకీ అదే. ఒక ఏడు జూన్ ఎండకి సంఘమంతా బెంచీలకు అతుక్కుపోయి, పాస్టరు ఆశీర్వాదం చెప్పినా ఎవరూ లేవలేదట.

డ్వేన్ పథకం వేసుకున్నాడు. పాత వార్నిష్ గీకాలి, సొట్టలు తియ్యాలి, అవిసె నూనె పొరలు పొరలుగా రుద్దాలి, గొట్టానికి నీలి నలుపు రంగు పట్టించాలి. భుజం దగ్గర కొత్త రబ్బరు పట్టీ బిగించి, ముందుచెక్క మీద అడవి వరి కంకులు చెక్కాలి. ఏప్రిల్లో హార్లన్ డెబ్బయ్యో పుట్టినరోజుకి చేతిలో పెట్టాలి. నోటితో చెప్పలేనిది చేత్తో ఇచ్చేస్తే సరిపోతుందని అతని ఆశ.

సొట్టలు తియ్యడానికి తడిగుడ్డ వేసి, వేడి ఇస్త్రీపెట్టె ఆనించాలి. ఆవిరికి నలిగిన చెక్క ఉబ్బి పైకొస్తుంది. దాంతోపాటు ఆ సొట్ట పడ్డ రోజు కూడా బయటికొస్తుంది. పూర్తి రోజు కాదు. సొట్ట పడకముందు ఓ పది నిమిషాలు, పడ్డాక ఓ నిమిషం. ఆనాటి గాలీ వానా మంచూ, దగ్గర్లో పలికిన మాటలూ. ఒక్కసారే వస్తుంది. అందుకే చెక్కపని చేసేవాళ్ళు గ్యారేజీ తలుపు ఓరగా తెరిచి పెట్టుకుంటారు. మార్విస్ బట్టలు అక్కడ ఆరెయ్యడం మానేసింది.

"ఇవాళ ఏం కురుస్తుంది?" అని అడిగింది ఓ శనివారం, కాఫీ అందిస్తూ.

"బొటనవేలంత సొట్ట. తేలిగ్గానే ఉంటుందిలే," అన్నాడు డ్వేన్.

అక్టోబరు ఎండ వచ్చింది. గ్యారేజీ నిండా ఎండుటాకుల వాసన, ఎక్కడో నాన్న ఈల. హార్లన్ కళ్ళు మూసుకుని కుర్చీలో వెనక్కి వాలాడు.

"నాన్నకి ఒక్క పాటే వచ్చు," అన్నాడు.

"అదీ సగమే."

"మిగతా సగం అమ్మ వద్దంది."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ చలికాలం అలా పదకొండు సొట్టలు తీశారు. పన్నెండోది మిగిలింది. భుజానికి ఆనే చెక్క మడమ దగ్గర, రాయి కొరికినట్టు, లోతుగా.

"అదెప్పుడు తీస్తావు?" అన్నాడు హార్లన్, దాని వంక చూడకుండా.

"చివర్న."

"నేను లేనప్పుడు తియ్యరా. లేదా ఉప్పుకాగితం పెట్టి రుద్దెయ్. అది నాది. మళ్ళీ వినలేను."

ఉప్పుకాగితంతో రుద్దితే రోజు పొడిపొడిగా రాలిపోతుంది. పొడి ఏమీ మాట్లాడదు. ఈ సంగతి డ్వేన్‌కి తెలుసు, పనికి దిగినప్పటి నుంచీ తెలుసు.

అది యాభై నాలుగేళ్ళ కిందటి నవంబరు. మడ్ లేక్ ఒడ్డున బాతుల వేట ముగించి, నాన్న, పదహారేళ్ళ హార్లన్, పద్నాలుగేళ్ళ డ్వేన్ ఇంటికి బయల్దేరుతున్నారు. నాన్నది ఒకటే నియమం: పడవ కదిలేముందు తుపాకీ ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు తూటాలన్నీ తీసి, "ఖాళీ" అని గట్టిగా చెప్పాలి. హార్లన్ చెప్పాడు. కాసేపటికి పడవకి ఆనించిన తుపాకీ జారి రాయి మీద పడి పేలింది. టింకర్ అనే నల్లకుక్క అక్కడికక్కడే పోయింది. నాన్న ఆ తర్వాత హార్లన్ చేతికి తుపాకీ ఇవ్వలేదు. తిట్టలేదు కూడా. పోయేటప్పుడు డ్వేన్‌కి ఇచ్చి పోయాడు.

ఆ రోజు నుంచి హార్లన్ తన చేతుల్ని నమ్మలేదు. పొయ్యి ఆర్పి మూడుసార్లు చూస్తాడు. సొంత కూతుర్ని కూడా నిలబడి ఎత్తుకోలేదు. నేల మీద చాప వేసుకుని కూర్చుని, ఒళ్ళో పెట్టించుకునేవాడు. అక్కణ్ణించి పడినా దూరం ఉండదని.

ఆ సొట్ట ఎలా పడిందో పూర్తిగా తెలిసిన మనిషి ఒక్కడే ఉన్నాడు. అతను మార్చి నెలలో ఓ గురువారం ఉప్పుకాగితం చేతిలోకి తీసుకున్నాడు. అన్న అనుమతి ఇచ్చాడు కదా. రెండుసార్లు రుద్దాడు. వేళ్ళకి అంటిన పొడి తడిగా ఉంది. వాసన చూస్తే తడిసిన కుక్క వాసన. ఉప్పుకాగితం బల్ల మీద పెట్టి, చేతులు మూడుసార్లు కడుక్కున్నాడు. ఆ సాయంత్రం మార్విస్ వండిన హాట్‌డిష్ కూడా ముట్టలేదు.

"ఉప్పెక్కువైందా?" అంది మార్విస్.

"లేదు."

"మరి నీకేమెక్కువైంది?"

అతను లేచి కంచం తొట్లో పెట్టాడు.

ఆ శనివారం హార్లన్ వెంట కూతురు కారిన్ వచ్చింది, మూడు నెలల పాప ఎల్సీతో. కాఫీలయ్యాక అసలు మాట తీసింది.

"నాన్నా, సోమవారం నుంచి నేను క్లినిక్‌కి వెళ్ళాలి. పిల్లల్ని చూసుకునే చోట జూన్ దాకా ఖాళీ లేదుట. రోజుకి నాలుగ్గంటలు నువ్వు చూసుకోవాలి."

హార్లన్ అప్పటికే కుర్చీ వదిలి వంటింటి నేల మీద కూర్చున్నాడు, చేతులు చాచి.

"కింద కూర్చునే పాలు కలుపుతావా? కింద కూర్చునే మెట్లెక్కుతావా?" అంది కారిన్. నవ్వుతూనే మొదలెట్టింది గానీ చివరికొచ్చేసరికి నవ్వు పోయింది.

"నా మీద పెట్టకమ్మా. తూటా ఉందో లేదో తెలియని చేతులివి. ఇంకెవరినైనా చూసుకో."

"ఇంకెవరున్నారు నాకు?"

డ్వేన్ లేచి గ్యారేజీలోకి వెళ్ళి ఇస్త్రీపెట్టె మీట వేశాడు. తిరిగొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"హార్లన్, ఓసారి రా. ఆ సొట్ట తీస్తున్నాను."

"నేను లేనప్పుడు తియ్యమన్నాను కదరా."

"నువ్వుండాలి."

"ఎందుకు? నా మొహం చూడ్డానికా?"

"నా మొహం చూడ్డానికి," అన్నాడు డ్వేన్.

తడిగుడ్డ మీద ఇస్త్రీపెట్టె బుసకొట్టింది. ముందు చలి వచ్చింది, తర్వాత మంచు కలిసిన వాన. హార్లన్ టోపీ మీద, రంపాల మీద, మార్విస్ ఊరగాయ సీసాల మీద సన్నగా కురిసింది. చెరువు బురద వాసన. అప్పుడు నాన్న గొంతు: "ఖాళీయేనా?"

ముందుచెక్క లాగిన చప్పుడు. పడవ అడుగున తూటా పడిన చప్పుడు. మళ్ళీ లాగిన చప్పుడు, మళ్ళీ తూటా. మూడోసారి కూడా. ఆపైన ఒట్టిదే మరోసారి లాగిన చప్పుడు. పదహారేళ్ళ బొంగురు గొంతు అంది: "ఖాళీ." ఎరగా వేసే బొమ్మ బాతుల సంచీ ఎత్తుకుని అడుగులు దూరమయ్యాయి.

వాన. రెక్కల చప్పుడు, తక్కువ ఎత్తులో. దగ్గరగా ఎవరిదో ఊపిరి. జేబులోంచి తీసిన తూటా ఒకటి మెల్లగా తుపాకీలోకి దూరిన చప్పుడు, ముందుచెక్క మూసుకున్న చప్పుడు. "రా, రా, రా... ఛ." ఇంకా గొంతు మారని కుర్రవాడి మాట. రెక్కలు దూరమయ్యాయి. తుపాకీ పడవకి ఆనింది. చాలాసేపు వాన. తర్వాత జారుడు, రాయి, పేలుడు. కుక్క ఒక్కసారే అరిచింది.

"హార్లన్! ఖాళీ అన్నావు కదరా!" నాన్న కేక.

ఆ తర్వాత ఎవరో మాట్లాడవలసిన చోట, వాన ఒక్కటే కురిసింది. అదీ ఆగిపోయింది.

హార్లన్ తన రెండు చేతుల్నీ తిప్పి చూసుకున్నాడు. వేళ్ళ మీద మంచు పలుకులు కరుగుతున్నాయి.

"మూడూ తీశాను," అన్నాడు. "నాలుగోసారి లాగి చూశాను కూడా."

"ఆ రోజే చెబుదామనుకున్నాను. నాన్న నీకేసి చూసిన చూపు చూసి నోరు రాలేదు. మర్నాడు చెబుదామనుకున్నాను. ఆ తర్వాత..."

"ఆ తర్వాత యాభై నాలుగేళ్ళు." హార్లన్ టోపీ తీసి నీళ్ళు దులిపాడు. "ఇస్త్రీపెట్టె తియ్యి. చెక్క మాడుతోంది."

తిరిగి లోపలికి వెళ్ళాడు. డ్వేన్ వెంట వెళ్ళలేకపోయాడు. తలుపు సందులోంచి వంటిల్లు కనిపిస్తోంది. కారిన్ అలవాటుగా నేల మీద దుప్పటి పరిచింది. హార్లన్ ఆ దుప్పటి దాటి వెళ్ళి, నిలబడే చేతులు చాచాడు. కారిన్ ఒక క్షణం ఆయన మొహంలోకి చూసింది. పాపని ఇచ్చింది.

ఆ పై శనివారం హార్లన్ రాలేదు. దాని పై శనివారమూ రాలేదు. డ్వేన్ నూనె రుద్దాడు, గొట్టానికి రంగు పట్టించాడు, కంకులు చెక్కాడు. సొట్ట ఉన్న చోట చెక్క ఇప్పుడు నున్నగా ఉంది. అయినా అతని బొటనవేలు పదే పదే అక్కడికే వెళ్ళి వెతికేది. మార్విస్‌కి అంతా చెప్పాడు. ఆవిడ రెండు రోజులు విడిగా భోంచేసింది. మూడో రోజు, "టింకర్ అంటే నీకూ ఇష్టమేగా," అని మాత్రం అంది.

పుట్టినరోజుకి హార్లన్ తుపాకీ తీసుకోలేదు. "నాకెందుకు? నీ దగ్గరే ఉంచుకో. రోజూ చూసుకో," అని ఫోన్లో చెప్పి పెట్టేశాడు. అందుకని అది గ్యారేజీ గోడకే ఉంది, ఊళ్ళోకెల్లా అందమైన తుపాకీ. దాన్ని చూడకుండా డ్వేన్ కారు దగ్గరికి వెళ్ళలేడు.

మే నెల మొదటి శనివారం, పదింటికి వాకిట్లో కారు ఆగింది. హార్లన్ పాపని భుజాన వేసుకుని దిగి, మోకాలితో తలుపు నెట్టి, నాలుగడుగులు వేశాడు. ఐదో అడుగూ వేశాడు. తిన్నగా మెట్లెక్కి తలుపు తీసుకుని లోపలికొచ్చాడు.

మార్విస్ ఖాళీ కప్పు పట్టుకుని కిటికీ దగ్గరే నిలబడి ఉంది.

"అయ్యో, ఇంకా పొయ్యలేదు," అంది.