రాతి ఇంట్లో పాలు

"చికెన్‌కి కారం సరిపోయిందో లేదో చూశావా?" అని కారు తీస్తూ అడిగాడు అచ్యుత్. చూసింది. పెరుగన్నం సర్దింది, ఐస్ పెట్టెలో పాల డబ్బా పెట్టింది, ఆయన స్వెట్టర్ వెనక సీట్లో వేసింది. అందరివీ అయ్యాక శేషుకుమారి తన హ్యాండ్‌బ్యాగ్‌లో ఓ చిన్న ఇత్తడి గిన్నె పడేసుకుంది. ఎందుకో తనకే తెలీదు. తెలీదంటే పూర్తి నిజం కాదు.

ఆస్ట్రేలియాలో అడిలైడ్‌కి ఉత్తరాన, పాత రాగి గనుల ఊళ్లో లెక్కల టీచరుగా పోస్టింగ్ వచ్చింది ఆమెకి. అనకాపల్లిలో పదో తరగతి పిల్లల్ని గడగడలాడించిన మనిషి, ఇక్కడికొచ్చి మళ్లీ చదివి, మళ్లీ పరీక్షలు రాసి సంపాదించుకున్న ఉద్యోగం. సోమవారంలోగా ఔనో కాదో చెప్పాలి. భర్త అచ్యుత్ ఆమె తరఫున అప్పుడే తేల్చేశాడు. "రోజూ అంత దూరం డ్రైవ్ చెయ్యలేవు. అక్కడే ఉండిపోతే మరి నా భోజనం? ఎవరో సెలవు పెట్టినప్పుడు వెళ్లే రిలీఫ్ టీచింగ్ ఏదో చేసుకో, చాల్లే." కూతురు అక్షర యూనివర్సిటీలో చేరిపోయింది కాబట్టి పిల్ల చదువు వంక చెల్లలేదు, భోజనం ఒక్కటే మిగిలింది. ఈ ప్రయాణం కూడా ఇల్లు అద్దెకిస్తానన్న పెద్దావిడకి మర్యాదగా వద్దని చెప్పి, పన్లో పనిగా బార్బీ, అదే బార్బెక్యూ, చేసుకుని రావడానికే.

ఇల్లు కనబడగానే శేషుకుమారి కారు అద్దం దించింది. ఊరి చివర ఉమ్మడి బీడు, దాని అంచున పొట్టి రాతిగోడల ఇల్లు. రాగి కరిగించే పనికి వేల్స్ నుంచి వచ్చినవాళ్లు ఎప్పుడో కట్టుకున్నదట. గుమ్మం ఎంత పొట్టిదంటే అచ్యుత్ నుదురు ఠంగున కొట్టుకుంది. ఆమెకి తల వంచాల్సిన పనే పడలేదు. లోపల రెండే గదులు. మందపాటి గోడలో కిటికీ, దాని ముందు మనిషి కూర్చునేంత అరుగు. అక్కడ దిద్దాల్సిన పేపర్లూ, పక్కన కాఫీ కప్పూ అప్పుడే కనిపించేశాయి ఆమెకి. ఒక్క కప్పే.

"మా ముత్తవ్వ చెప్పేదట," అంది ఇంటావిడ మిసెస్ బీవన్, కట్టెల బుట్ట పక్కకి జరుపుతూ. "మా పాత దేశం వేల్స్‌లో ఉమ్మడి నేల మీద రాత్రికి రాత్రి ఇల్లు లేపి, తెల్లారేసరికి పొగగొట్టంలోంచి పొగ తెప్పిస్తే ఆ ఇల్లు వాళ్లదేనని. చట్టం కాదులే, జనం నమ్మకం."

"పొయ్యి ఎవరు వెలిగించేవాళ్లు?"

"ఇంకెవరు, ఆడవాళ్లే."

అచ్యుత్ మర్యాదకి నవ్వి, "వెళ్లేముందు నేను చెప్తాలే," అని తెలుగులో గొణిగి, అక్షరని తీసుకుని బయట బార్బీ దగ్గరికి పోయాడు.

శేషుకుమారి కదల్లేదు. ఎన్ని ఇళ్లల్లో పాలు పొంగించింది తను? విశాఖలో పొంగించినప్పుడు అత్తగారు "మా అబ్బాయి ఇల్లు చల్లగా ఉండాలని దండం పెట్టుకో అమ్మాయ్" అంటే పెట్టుకుంది. అడిలైడ్‌లో అద్దె ఫ్లాట్‌లో, ఆ తర్వాత సొంతింట్లో కూడా తనే. పొంగిన పాలు తుడిచిందీ తనే. వచ్చినవాళ్లంతా అచ్యుత్ గారి ఇల్లు బాగుందన్నారు. రాసుకోవడానికి ఓ బల్ల కొనుక్కుంటానంటే ఆయన "డైనింగ్ టేబుల్ ఉందిగా, భోజనాలయ్యాక ఖాళీయేగా" అన్నాడు. నిజమే, ఖాళీయే. అప్పటికి తనకే కళ్లు మూతలు పడేవి. ఆ మాట గుర్తొచ్చి కోపం రావాల్సింది, కానీ ఈరోజు సంతోషమే వచ్చింది, పొంగుకొచ్చింది. అగ్గిపెట్టె అడిగి తీసుకుంది.

కట్టెలు చిటపటమన్నాయి. ఇనుప ముక్కాలిపీట మీద ఇత్తడి గిన్నె పెట్టి, ఐస్ పెట్టెలోంచి తెచ్చిన పాలు పోసింది. మిసెస్ బీవన్ మరో కట్టె అందించింది.

బయటనుంచి అక్షర గొంతు వినబడింది. "డాడ్, లుక్, మమ్స్ చిమ్నీ ఈజ్ స్మోకింగ్!"

అచ్యుత్ ఈసారి జాగ్రత్తగా వంగి లోపలికొచ్చాడు. "టీయా? నాకు చక్కెర తక్కువ వెయ్యి," అన్నవాడల్లా గిన్నె చూసి కంగారుపడ్డాడు. "శేషూ, పాలు. చూసుకోవా, పొంగిపోతున్నాయ్."

తెల్లటి నురగ అంచు దాటి నిప్పుల మీద చుయ్యిమంది.

"పొంగడానికే పెట్టానండీ," అంది.

ఆయనకి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. ఆమె అప్పటికే మిసెస్ బీవన్ చేతిలోంచి తాళంచెవి అందుకుంది.

"మరి నా భోజనం?" అన్నాడు.

"బియ్యం కింది అరలో ఉంటాయి," అంది లెక్కల టీచరు. "ఒకటికి రెండు నీళ్లు."