పదకొండో పన్ను

ఇరవై ఆరేళ్ళు పళ్ళ సెట్లు చేసిన చేతులు ఆమెవి. డాక్టర్లు పంపిన అచ్చుల మీద మైనంతో ఒక్కో పన్నూ చెక్కి, రంగు కలిపి, ముక్కూమొహం తెలియని మనిషి నోట్లో అతికినట్టు కూర్చునేలా చేయడం ఆమె వృత్తి. ల్యాబ్‌లోకి కంప్యూటర్ యంత్రం వచ్చి పదిమంది పని అదొక్కటే చేయడం మొదలుపెట్టాక, యాభయ్యో ఏట ఆమె ఇంటికొచ్చింది. నెల తిరక్కుండానే యూనివర్సిటీలో సమకాలీన కళ కోర్సుకు దరఖాస్తు పెట్టింది. చిన్నప్పుడు బొమ్మలు వేస్తానంటే ఇంట్లో ఎవరూ చెవిన పెట్టలేదు. ఇప్పుడు అడ్డం చెప్పేవాళ్ళెవరూ లేరు. బస్సు డ్రైవరైన మొగుడు మాత్రం, "చేరు, చేరు. ఇంట్లో ఉంటే నా పళ్ళు చెక్కేట్టున్నావు," అన్నాడు.

సీటు వచ్చింది. తలనొప్పి కూడా దాంతోపాటే వచ్చింది.

తరగతిలో ఇరవై ముగ్గురు. ఆమె తర్వాత అందరికంటే పెద్దదానికి ఇరవై ఒకటి. వాళ్ళంతా ఆమెను పిన్నిగారూ అని పిలిచేవాళ్ళు. మొదటి టర్ములో ఆమె మూడు వారాలు కూర్చుని ఒక చెవిని చెక్కింది. చెవి తమ్మె మీద సన్నటి నూగుతో సహా. అందరూ గుండ్రంగా నిలబడి చూస్తుంటే పాఠం చెప్పే మేడమ్ దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, "ఇది మరీ పూర్తయిపోయిందండీ," అంది. పిన్నిగారు అది మెచ్చుకోలనుకుని "థాంక్సండీ" అంది. సగం తరగతి కిసుక్కుమంది. ఆ రోజు ఇంటికెళ్ళి మొగుడితో, "పని పూర్తి చేస్తే తప్పట! ఇన్నాళ్ళూ సగం పళ్ళ సెట్లు ఇచ్చి పంపాల్సిందన్నమాట జనాన్ని," అని గిన్నెలు ధడాలున పడేసింది.

రెండో టర్ములో జంట పని ఇచ్చారు. ఇద్దరు కలిసి, ఒకే బల్ల మీద, ఒకే పని. విషయం 'స్పర్శ'. గడువు ఆరు వారాలు. చీటీలు తీస్తే ఆమెకు 'కాన్సెప్ట్' వచ్చాడు.

ఆ కుర్రాడి అసలు పేరు మాస్టార్లకి కూడా గుర్తుండేది కాదు. నోరు తెరిస్తే "దీని కాన్సెప్ట్ ఏంటంటే" అని మొదలుపెట్టేవాడు కాబట్టి అదే పేరు ఖాయమైపోయింది. సన్నగా, పొడుగ్గా, ఎండాకాలంలో కూడా జేబుల్లో చేతులు పెట్టుకుని తిరిగేవాడు.

మొదటివారం సోమవారం వాడన్నాడు, "పిన్నిగారూ, మనం ఒక గది కడదాం. లోపల ఏమీ ఉండదు. జనం వచ్చి గాలిని ముట్టుకుంటారు."

ఆమె కొలతలు రాసుకుని, వడ్రంగి వర్క్‌షాపుకి వెళ్ళి, చెక్క ఫ్రేములకి పేరు రాయించి వచ్చింది. బుధవారానికి గది పోయింది. "గది అంటే గోడలు కదా పిన్నిగారూ, స్పర్శకి గోడలేంటి?" శుక్రవారానికి వంద చేతితొడుగుల్లో ఇసుక నింపి వేలాడదీయాలన్నాడు. ఆమె ఇరవై నింపింది కూడా. రెండో సోమవారం, ఇసుక మరీ సూటిగా ఉందన్నాడు. మూడో వారంలో శబ్దం, నాలుగో వారంలో మంచుగడ్డ. ఆమె ఫ్రీజర్ కోసం నాలుగు ఆఫీసులు కాళ్ళరిగేలా తిరిగి, ఐదు ఫారాలు నింపి, ఆరో సంతకం కోసం నిలబడి ఉండగా ఫోన్లో మెసేజ్ వచ్చింది: 'మంచు వద్దేమో అనిపిస్తోంది.'

ఇన్ని రోజుల్లోనూ వాడు ఒక్క మేకు కొట్టలేదు. ఒక్క గీత గీయలేదు. ఇసుక నింపమంటే ఫోన్ వచ్చేది. ఫారం నింపమంటే, "మీ దస్తూరీ బాగుంటుంది పిన్నిగారూ," అనేవాడు. ఆమె మెడమీద తల ఉందో లేదో ఆమెకే తెలియని స్థితికి వచ్చింది.

"మేడమ్‌తో చెప్పి జంట మార్పించుకో," అన్నాడు మొగుడు.

"చెప్పాను. ఘర్షణ కూడా పనిలో భాగమేనట."

"మా డిపోలో అంటే ఇద్దర్నీ సస్పెండ్ చేస్తారు."

నాలుగో వారం శుక్రవారం ఆమె స్టూడియోలోకి రెండు కాగితం కప్పుల్లో టీ పట్టుకుని వచ్చింది. కాన్సెప్ట్ కిటికీ దగ్గర నిలబడి జేబుల్లో చేతులతో బయటికి చూస్తున్నాడు.

"పిన్నిగారూ, నాకిప్పుడే ఒకటి తట్టింది..."

"ముందు టీ పట్టుకో."

"అక్కడ పెట్టండి, తాగుతాను."

"పట్టుకోవయ్యా! అది కూడా నేనే చేయాలా?" అని విసురుగా కప్పు వాడి ముందుకు తోసింది. వాడు గత్యంతరం లేక చేయి బయటికి తీశాడు. కప్పు అందుకున్నాడు. అంతే, టీ అంచు దాటి వేళ్ళ మీదా, చొక్కా చేతి మీదా, నేల మీదా చిందింది. రెండో చేయి సాయం పెట్టాడు. అది మొదటిదానికంటే ఎక్కువ వణికింది. చివరికి కప్పు సగం ఖాళీ అయ్యాక కిటికీ గట్టు మీద పెట్టేసి, చేతులు మళ్ళీ జేబుల్లో దాచుకున్నాడు.

వేళ్ళను చూసి మనిషి పనితనం చెప్పగలనని గొప్పలు పోయే ఆమె, నాలుగు వారాలుగా ఆ చేతుల్ని ఒక్కసారి కూడా చూడలేదు.

"ఎప్పట్నుంచీ?" అంది.

"చిన్నప్పట్నుంచీ. జబ్బేం కాదన్నారు డాక్టర్లు. కొందరికి అంతేనట. ఎవరైనా చూస్తుంటే ఇంకా ఎక్కువవుతుంది."

"మరి సీటెలా వచ్చింది?"

"వీడియోలు పంపాను. కెమెరాకి స్టాండుంటుందిగా."

ఆమెకు జాలి వేసిన మాట నిజమే. కానీ దానికంటే ముందు ఒళ్ళు మండింది. "నాలుగు వారాలు! నాలుగు వారాలు నన్ను గాలితోటీ మంచుతోటీ ఆడించావు కదరా! మొదటిరోజే నోరు విప్పి ఈ ఒక్కమాట చెప్పి ఉంటే నీ సొమ్మేం పోయేది? లోకంలో ఉన్న మాటలన్నీ మాట్లాడతావు, ఇది తప్ప!"

వాడు నేల మీద టీ వైపు చూస్తూ ఊరుకున్నాడు. వాడు ఊరుకోవడం ఆమె మొదటిసారి చూసింది.

కాసేపటికి ఆమె గుడ్డ తెచ్చి నేల తుడిచి, తన సంచిలోంచి పిడికెడంత మైనం దిమ్మ తీసి బల్ల మీద పెట్టింది. పక్కన చిన్న కత్తి పెట్టింది.

"ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్ళకి మొదట నేర్పేది దవడ పన్ను. ఇంత పెద్దది చెక్కిస్తాం, చేయి తిరగడానికి. మొత్తం ముప్ఫై రెండు. నావి పదహారు, నీవి పదహారు. చెక్కిన మైనానికి నేను అచ్చు తీసి ప్లాస్టర్ పోస్తాను. అన్నీ ఒకే బల్ల మీద పెడదాం."

"దీని కాన్సెప్ట్..."

"ఆ మాట అన్నావంటే ఆ కత్తి నా చేతిలోకి వస్తుంది."

వాడు కూర్చున్నాడు. ఆమె వీపు తిప్పి కూర్చుంది, చూస్తే ఎక్కువవుతుందన్నాడు కాబట్టి. వెనకనుంచి కత్తి బల్లకు తగిలే టకటక శబ్దం వినిపిస్తూనే ఉంది.

మొదటి పన్నును ఆమె దీపం కిందికి తీసుకెళ్ళి తిప్పి చూసింది. పన్ను ఆకారం ఉంది గాని, పక్కలంతా సన్నటి అలలు అలలుగా గీతలు. నున్నగా ఉండాల్సిన చోట నీటి మీద గాలి తాకినట్టు ముడతలు. ల్యాబ్‌లో ఎవరైనా ఇలాంటిది చేస్తే కరిగించి మళ్ళీ చెక్కించేది. ఏమీ అనకుండా అచ్చు తీసింది. వాడు రోజుకొకటి, ఒక్కోరోజు రెండు చెక్కాడు. తిట్టుకుంటూ, కత్తి విసిరికొడుతూ, మళ్ళీ వంగి తీసుకుంటూ. కొత్త ఆలోచనలు చెప్పడానికి తీరిక లేకపోయింది. ఆ రెండు వారాలూ ఆమెకు ఆ కోర్సులో దొరికిన మొట్టమొదటి ప్రశాంతత.

అయినా చేతులు ఊరుకోవు. వాడు చేసిన పదకొండోది మరీ అన్యాయంగా వచ్చింది. పైన గుంట ఉండాల్సిన చోట కత్తి జారి అడ్డంగా పెద్ద గాటు పడింది. వాడు ఇంటికెళ్ళిపోయాక, అచ్చు తీయబోతూ ఆమె దాన్ని వేళ్ళ మధ్య తిప్పింది. ఒక్క గాటు పూడిస్తే ఏం పోయింది అనుకుంది. కొంచెం మైనం వెచ్చబెట్టి పూసింది. పూసినచోట నున్నగా ఉండి పక్కది ఎబ్బెట్టుగా కనిపిస్తే దాన్నీ సరిచేసింది. పావుగంటలో చేతిలో చక్కటి దవడ పన్ను ఉంది. అచ్చు తీసి, ప్లాస్టర్ పోసి, మిగతావాటి మధ్య పెట్టేసి ఊరుకుంది.

తరగతి ముందు పని పెట్టి అందరి మాటా వినాల్సిన 'విమర్శ' ఆ శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి. ఉదయం పదకొండున్నరకు ఇద్దరూ బల్ల మీద పళ్ళు సర్దుతున్నారు. కాన్సెప్ట్ ఒకదాని దగ్గర ఆగాడు.

"ఇది నాది కాదు."

"నీదే. పదకొండోది."

"దీని మీద గాటుండాలి." తల ఎత్తి ఆమెను చూశాడు. "మీరు సరిచేశారా?"

ఆమె ఏదో చెప్పబోయింది. కొంచెమే అనబోయింది. నీ మంచికే అనబోయింది.

"మా అమ్మా ఇంతే," అన్నాడు వాడు. గొంతు పెరిగింది. "నేను రాసింది చెరిపేసి తను రాసేది. స్కూల్లో మాస్టారు నా బొమ్మ మీద తనే రంగు వేసి మార్కులు వేసేవాడు. మీరు తిడుతున్నా నాకు బాగానే ఉండేది పిన్నిగారూ. తిట్టినా నా పని నాకే వదిలేశారనుకున్నాను."

ఆ మాట ఆమెకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. యాభై ఏళ్ళొచ్చి ఇరవయ్యేళ్ళవాడి పని దొంగచాటుగా దిద్దిన తన చేతుల మీద ఆమెకు పట్టరాని విసుగు పుట్టింది.

"తప్పు నాదే," అంది. "ఇంకా రెండున్నర గంటలుంది. మైనం ఉంది. చెక్కుతావా?"

"చేయి ఇప్పుడసలు ఆగడం లేదు."

"ఆగకపోతే ఆగకపోనీ. నేనడిగానా ఆగమని?"

వాడు కూర్చున్నాడు. కోపంతో చేయి మామూలుకంటే ఎక్కువ ఊగుతోంది. దిమ్మ రెండుసార్లు కిందపడింది. ఈసారి ఆమె వీపు తిప్పలేదు, వాడూ చూడొద్దనలేదు. ఆమె ఎదురుగానే కూర్చుంది. వాడి మణికట్టు పట్టుకోవాలని, కత్తి కోణం చెప్పాలని, కనీసం దిమ్మనైనా కదలకుండా పట్టుకోవాలని ప్రాణం కొట్టుకుంటుంటే, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చుండిపోయింది. ఒంటిగంటకి పన్ను తయారైంది. పాతదాని కంటే అధ్వాన్నంగా. అచ్చుపిండి నాలుగు నిమిషాల్లో గట్టిపడింది, ప్లాస్టర్ అరగంటలో. ఇంకా వేడి తగ్గని పన్నును రెండుకు ఐదు నిమిషాలుండగా బల్ల మీద పెట్టారు.

మేడమ్ వచ్చింది. తరగతి గుండ్రంగా నిలబడింది. కాన్సెప్ట్ నలభై నిమిషాలు మాట్లాడతాడని అందరూ గోడలకి ఆనుకుని సిద్ధమయ్యారు. మేడమ్ వాడి పళ్ళలో ఒకటి తీసి కిటికీ వెలుతురులో తిప్పి, "ఈ గీతలు కావాలని చేసినవా?" అంది.

"కాదండీ. నా చేయి వణుకుతుంది," అన్నాడు కాన్సెప్ట్.

ఇంకేమైనా వస్తుందేమోనని అందరూ ఎదురుచూశారు. ఏమీ రాలేదు. ఎవరూ నవ్వలేదు. ఒకమ్మాయి ముందుకొచ్చి ఆ అలల మీద వేలు పెట్టి, మెల్లిగా పైనుంచి కిందికి రాసింది. తర్వాత ఇంకొకరు. ఆమె చేసిన నున్నటివాటిని కూడా ముట్టుకున్నారు, వెంటనే మళ్ళీ వాడివాటి దగ్గరికి వెళ్ళారు. ఆమెకు అది కొంచెం గుచ్చుకుంది. లేదంటే అబద్ధం.

"మీవి ఇలా ఎందుకున్నాయి?" అంది మేడమ్ ఆమె వైపు తిరిగి.

"నాకు ఇలాగే వస్తాయండీ. ఇరవై ఆరేళ్ళయింది. వేరేలా చేయమన్నా రావు."

మేడమ్ నోట్సులో ఏదో రాసుకుంది. "బాగుంది. ఇద్దరూ కలిసి అయిదు వందల మాటల్లో రాసివ్వండి, సోమవారానికి. బల్ల మాత్రం మరీ పద్ధతిగా సర్దేశారు," అని తరవాతి బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది.

"సర్దడం కూడా తప్పే," అని ఆమె పళ్ళు నూరింది.

మార్కులు రెండు వారాలకి వచ్చాయి. గొప్పవేం కాదు, అలాగని తప్పలేదు. బల్ల ఖాళీ చేసే రోజున కాన్సెప్ట్ ఆమె చేసినవాటిలోంచి ఒక నున్నటి పన్ను అడిగి తీసుకున్నాడు. చేయి ఊగుతున్నా జేబులో దాచకుండా అట్టపెట్టె మోసుకుని మెట్లు దిగాడు. వాడి పళ్ళలోంచి ఆమె ఏదీ అడగలేదు. అడిగితే బాగుండేదని బస్సెక్కాక అనిపించింది.

తరవాతి టర్ముకి చీటీలు తీశారు. ఈసారి ఆమెకు వచ్చిన పిల్ల అసలు నోరే విప్పదు. మూడు రోజులు అవునూ కాదూ తప్ప మరోమాట లేదు. నాలుగో రోజు పిన్నిగారు స్టూడియో అవతలి మూలకి నడిచివెళ్ళి కాన్సెప్ట్ బల్ల ముందు నిలబడింది.

"ఒరేయ్, ఆ పిల్ల మనసులో ఏముందో కనుక్కుని చెప్పు. నాకు పిచ్చెక్కేలా ఉంది."