జింకు లోపం

ఆకు మీద తెల్లమచ్చ కనిపిస్తే గున్నేశ్వరరావుగారి చెయ్యి ఊరుకోదు. మండపేట దగ్గర చేను కౌలుకిచ్చేసి రాజమండ్రిలో కొడుకు ఫ్లాటుకి వచ్చేసినా, ఆ చెయ్యి మాత్రం చేలోనే ఉండిపోయింది.

కోడలు సాయిప్రసన్న పురిటికి కొవ్వూరు పుట్టింటికి వెళ్తూ, హాల్లో కిటికీ పక్కనున్న మాన్‌స్టెరా అనే అలంకరణ మొక్క కుండీని ఆయనకి అప్పగించింది. కడియం నర్సరీలో ఒంటాకు ముక్కగా కొని, బిడ్డలా సాకిన మొక్క. ప్రతి ఆకూ సగం పచ్చ, సగం పాలమీగడ.

"మావయ్యగారూ, పైమట్టి ఆరాకే నీళ్ళు. కిటికీ దగ్గర్నుంచి కదపొద్దు. ఎరువు అస్సలొద్దండి."

"వ్యవసాయం నాకే చెప్తావేంటమ్మా!" అని నవ్వేశారు.

ఆమె గోదావరి వంతెన దాటిందో లేదో, ఆయన కళ్ళజోడు సవరించుకున్నారు. ఆకు తెల్లబడిందంటే జింకు లోపమే. పాపం పిచ్చిపిల్ల, జబ్బుని చూసి అందం అనుకుంటోంది! జింకు సల్ఫేటు కలిపి కొట్టారు. చిటికెడు యూరియా వేశారు, చాల్లేదనిపించి మళ్ళీ వేశారు. కిటికీ ఎండకి వడిలిపోతుందని కుండీని టీవీ వెనక్కి జరిపారు.

మొక్క ఏపుగా లేచింది. కొత్తాకులన్నీ నిండు పచ్చ.

"చూశావా, తెగులు వదిలింది!" అని భార్యకి చూపించారు.

సత్యలక్ష్మిగారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. "ఏవండీ, ఆ తెలుపు కోసమే కదండీ కోడలు దానిమీద ప్రాణం పెట్టుకుంది! ఉత్త పచ్చదే కావాలంటే మన గట్టు మీద గడ్డి లేదూ?"

మొక్కకి జింకు లేదనుకున్న మనిషికి అప్పట్నుంచి జంకు పట్టుకుంది. మచ్చ పోగొట్టబోయి మచ్చ తెచ్చుకున్నారు. కోడలు వీడియో కాల్‌లో "నా మొక్కేదండీ?" అంటే, ఫోను కిందికి దించి పాత తెల్లాకులే చూపించేవారు. పచ్చి అబద్ధం కాదు, ఆకుపచ్చ అబద్ధం. "మీరుండబట్టి నాకు నిశ్చింతండి" అని ఆ పిల్ల మురిసిపోతుంటే, ఆయన గబగబా ఫోను సత్యలక్ష్మిగారి చేతిలో పెట్టేసేవారు.

పాపకి మూడో నెలలో కోడలు తిరిగి వస్తోందనగా, ముందురోజే కుండీని గప్‌చుప్‌గా కిటికీ దగ్గరికి చేర్చారు.

సాయిప్రసన్న పాపని అత్తగారికిచ్చి మొక్క ముందు నిలబడిపోయింది. పైనంతా పచ్చ, అంచులు మాడి గోధుమరంగు.

"నాదే తప్పండి," అంది మెల్లగా. "ఇక్కడ వెలుగు చాల్లేదు. ముందే బాల్కనీ వైపు పెట్టాల్సింది."

తిట్టుంటే పడేవారు. తప్పు తనమీదే వేసుకుంటుంటే పడలేకపోయారు. సింకు కింద దాచిన యూరియా డబ్బా తెచ్చి ఆమె ముందు పెట్టారు.

"నేనేనమ్మా. ఎరువు వేసిందీ నేనే, చీకట్లో పెట్టిందీ నేనే. ఫోన్లో పాతాకులు చూపించిందీ నేనే."

"ఫోన్లో కూడానా, మావయ్యగారూ?"

ఆ 'కూడానా' దగ్గర ఆయన తల దిగిపోయింది.

ఆమె వెళ్ళి కత్తెర తెచ్చింది. "మచ్చున్న చివరాకు ఉంచి, పైదంతా కొట్టెయ్యాలండి. వదిలేస్తే పచ్చదే బలిసి తెల్లదాన్ని మింగేస్తుంది. తర్వాత అడుగునుంచి కారేదాకా మంచినీళ్ళు పోసి ఎరువు కడిగేద్దాం. ఆ కణుపులో చిగురొస్తే మచ్చ ఉండొచ్చు, లేకపోవచ్చు. మీరే కొయ్యండి."

పచ్చటి పైరుని పండకుండా కోసిన చెయ్యి కాదది. అయినా కోసింది. తెగిన తీగని ఆమె నీళ్ళసీసాలో పెట్టి ఆయనకే ఇచ్చింది.

"ఇది మీ పంటండి. మీ గదిలో పెట్టుకోండి."

నవ్విందో, దెప్పిందో ఆయనకి తెలియలేదు.

ఆకుకి మచ్చ రాకూడదని జీవితమంతా మొక్కుకున్నాయన, ఇప్పుడు మచ్చ వస్తే అన్నవరం కొండెక్కుతానని మొక్కకోసం మొక్కుకున్నారు. కొన్నాళ్ళకి కణుపులో చిగురు ముక్కు బయటపెట్టింది.

"తెలుపేమైనా ఉందాండీ?" వంటింట్లోంచి కోడలడిగింది.

ఉందనేద్దామనిపించింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు.

"ఇంకా చుట్టుకునే ఉందమ్మా. కనపడుతున్నదంతా పచ్చే. నువ్వే వచ్చి చూసుకో."