పెట్టెలోని మొదటి పాట

ఈ మంచినీళ్ళ గ్లాసు ముట్టుకుంటే బెదిరిపోయాననుకుంటుంది ఆ ప్రభుత్వ లాయరమ్మ, వద్దులే, నెబ్రాస్కా అంతా బోర్లు వేసినవాణ్ణి, ఒకసారి ఎంత లోతుకి దింపానంటే గొట్టంలోంచి చైనావాళ్ళ వంట వాసన కొట్టిందని మంగలి షాపులో చెబితే కుర్చీలు విరిగేలా నవ్వారు, ఈ ఒమాహా కోర్టులో ఒక్కడూ నవ్వడు, నిజమే చెబుతానని చెయ్యెత్తాక నాలుక కూడా నాది కానట్టుంది, అంతా ఆ పళ్ళ డాక్టరు హ్రూస్కా వల్ల, నా నోట్లో దూది కుక్కి, ఓటో, ఓ పాటల టేపు అద్దెకి తీసుకోవోయ్, రికార్డులు వేసి అమ్ముకో, నువ్వు కట్టేది పదివేల డాలర్లు, కాగితం మీద దాని ఖరీదు రెండు లక్షలు, ఆ ఖరీదు లెక్కల్లో చూపిస్తే కట్టిన పన్నంతా వెనక్కొస్తుంది అన్నాడు, నోరు తెరుచుకున్నవాడు ఊఁ అనక ఏమంటాడు, వచ్చింది కూడా, ఇప్పుడు పన్నులవాళ్ళు వడ్డీతో, జరిమానాతో కక్కమంటున్నారు, కక్కితే బోరు లారీ పోతుంది, ఇల్లు పోతుంది, పన్ను ఎగ్గొట్టడానికి కాదు, రికార్డులమ్మి లాభం తీయడానికే చేశానని జడ్జి నమ్మితేనే గట్టెక్కుతావని మా వకీలు ముందే చెప్పాడు.

వోండ్రాచెక్ గారూ, ఆ రికార్డుల్ని కేకులు పెట్టుకునే పళ్ళేలుగా వాడతానని మంగలి షాపులో అన్నారట, నిజమేనా అంటోంది లాయరమ్మ, ఓరి మంగలి వెధవా, మోసేశావా, వేళాకోళానికి అన్నానమ్మా, సరే, అందులో మొదటి పాటేమిటో చెప్పండి, చచ్చాను, అల్లెయ్ ఓటో, అల్లడం నీకు కొత్తా, ఒక్క ముక్కా రాదే, వెనక బల్ల మీద మా ఆవిడ లిడా పెదవులు కదులుతున్నాయి, ప్రార్థనా, కాదు, రాగం, నాకు తెలిసిన రాగమే, పేరే తెలీదు, పిండి పిసుకుతూ తీసేది, బోరు మిషను నయమే అనేవాణ్ణి, నీ రికార్డులోదే ముసలోడా, ఓసారి కూచుని విను అనేది, ఇంకా ఏదో అంది, ఆఁ, చర్చిలో ఆడవాళ్ళంతా ఈ రికార్డు కావాలని వెంటపడుతున్నారు, తలా ఐదు డాలర్లకి అమ్మనా అంది, నీ మొహం, అమ్మితే దానికీ పన్ను కట్టాలి, ఊరికే పంచెయ్ అన్నాను, పంచేసింది, రికార్డుల పెట్టె ఖాళీ, ఒక్కటి అమ్మనిచ్చినా లాభానికి ఇవాళ సాక్ష్యం ఉండేది.

జడ్జి కళ్ళజోడు తీశాడు, తెలీదండీ అంటున్నాను, బతుకంతా జనానికి నీళ్ళు చూపించినవాణ్ణి, నా ఇంట్లోనే నీళ్ళు పడ్డాయి, పడ్డ బోరుని నా చేత్తో నేనే పూడ్చుకున్నాను.