ఆమెన్ అన్న నోరు

ప్రత్యేక రాష్ట్రం కోసం సాగిన సకల జనుల సమ్మెతో బస్సులు ఆగిపోయిన రోజులు. నెల మొదటి ఆదివారం అండాలమ్మ ఎల్బీనగర్ ప్రార్థన మందిరానికి నడిచే వచ్చింది. మేడమీద కిరాయికి తీసుకున్న చిన్న హాలు అది. నల్లగొండ నుంచి వచ్చినవాళ్లు సగం, కోస్తావాళ్లు సగం. దిల్‌సుఖ్‌నగర్ రాస్తారోకోలో లాఠీ దెబ్బలకు చెయ్యి విరిగి, కొడుకు అభిలాష్ అక్కడే దవాఖానలో ఉన్నాడు. వాడికోసం పాస్టరుగారు ప్రార్థిస్తారన్న ఆశే ఆమెను ఇంతదూరం నడిపించింది.

పాస్టర్ ఇస్రాయేలుగారిది గుంటూరు వైపు. ఆయన కళ్లు మూసి ప్రార్థన ఎత్తుకుంటే, మాట మాటకూ సంఘమంతా ఆమెన్ అనడం అలవాటు. రోగుల కోసం అన్నారు, ఆమెన్. వానల కోసం అన్నారు, ఆమెన్. అభిలాష్ పేరు మాత్రం రాలేదు.

"ఈ రాష్ట్రాన్ని ముక్కలు చేయాలని వీధుల్లో తిరిగే సాతాను ఆత్మను బంధించు ప్రభువా!"

"ఆమెన్" అనేసింది అండాలమ్మ.

అన్నాక గానీ అర్థం కాలేదు. ఒళ్లు భగ్గుమంది. కన్నకొడుకును సాతానంటే తల్లి ఆమెన్ అంది!

ప్రభురాత్రి భోజనపు రొట్టె మీది తెల్లగుడ్డ తీసి పాస్టరుగారు ఎప్పటిలాగే అన్నారు. "ఎవరిమీదైనా కోపముంటే, ప్రభువు బల్ల దగ్గరికి రాకముందే సమాధానపడండి."

మామూలుగా అందరూ పక్కవాళ్లకు చేతులు జోడించి ఊరుకుంటారు. అండాలమ్మ లేచి నిలబడింది.

"నాకున్నది కోపం. మీ మీదనే."

"కూర్చోమ్మా. సన్నిధిలో రాజకీయాలు వద్దు."

"నేనా తెచ్చింది? మీరే తెచ్చిన్రు, కండ్లు మూసుకొని! నా కొడుకు సాతానా అయ్యగారూ?"

"వాడినని కాదమ్మా. మావాళ్ల షాపుల అద్దాలు పగలగొడుతుంటే, పిల్లల్ని పొమ్మంటుంటే భయమేయదా?"

"భయమైతే భయమనే చెప్పున్రి దేవునికి. దేవుని ముందటన్న మాట దేవుని ముందటనే వాపస్ తీస్కోన్రి."

పాస్టరుగారు రొట్టె పళ్లెం బల్లమీద పెట్టారు. "రాష్ట్రం ఒక్కటిగా ఉండాలన్నది నా కోరికే. అబద్ధమాడలేను. సాతాను అనడం మాత్రం తప్పే."

"గట్లయితే రొట్టె పట్టుకొని దవాఖానకు రాన్రి. మంచాన పడ్డోళ్లకు తెచ్చిస్తరు గదా. గా మాట వానికే చెప్పున్రి."

"దారంతా సమ్మె శిబిరాలమ్మా. నా యాస వింటే ఏమంటారో. సమ్మె అయ్యాక వస్తాను."

"సువార్తకు దేశాలు తిరుగుతమంటరు. దిల్‌సుఖ్‌నగర్ దూరమైందా?"

రొట్టె ముట్టకుండానే మెట్లు దిగింది. ప్రభువా, నాది కోపమే. పాపమైతే చెప్పు. మరి ఆ ప్రార్థన ఏమిటి?

వెనక నుంచి పక్కింటి సుమిత్రమ్మ కేక. ఆమెదీ కోస్తానే. "ఆగండి వదినా, దవాఖానకు నేనూ వస్తాను."

"ఒచ్చి? నోరు తెరిస్తే దొరికిపోతవు."

"మీరు తిట్టుకుంటూ నడవండి. నేను నోరు మూసుకుని నడుస్తాను."

అండాలమ్మకు నవ్వు రాలేదు. కోపమూ తగ్గలేదు. కానీ సుమిత్రమ్మ మోకాళ్ల నొప్పుల మనిషని, అడుగు కాస్త నెమ్మది చేసింది.