పెద్దకోడలి గిన్నె

కింద అచ్చాఫీసు, పైన ఇల్లు. అన్నదమ్ములిద్దరూ, వాళ్ళ దగ్గర పనిచేసేవాళ్ళూ మధ్యాహ్నం మెట్లెక్కి వచ్చి, సిరా అంటిన చేతులు రుద్ది రుద్ది కడుక్కుని, బల్ల చుట్టూ కూర్చుని అన్నం తినేవారు. కోడళ్ళిద్దరూ చెరో కూర వండేవారు. ఆ ఏర్పాటు అత్తగారిది. ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టకుండా ఉంటే గొడవలుండవని ఆవిడ ఆలోచన. గొడవలు నిజంగానే లేవు. ఉన్నదంతా పెద్దకోడలి కడుపులోనే ఉండేది.

అత్తగారు తన గదిలోనే భోంచేసి, మోకాళ్ళు పట్టుకుంటూ తరవాత వంటింట్లోకి వచ్చేది. తోమడానికి వేసిన కూర గిన్నెలు వంగి చూసేది. "మనిషి మొహమాటానికి బాగుందంటాడమ్మా. గిన్నెకి మొహమాటమేముంది?" అనేది.

చిన్నకోడలు కాపురానికి వచ్చేదాకా ఆ చూపు పెద్దకోడల్ని బాధించలేదు. ఏళ్ళ తరబడి ఆ ఇంట్లో ఆమె వంటే వంట. చిన్నది వచ్చిన కొత్తల్లో ఒకరోజు బఠాణీ కూర చేసింది. పుస్తకాలు కుట్టే బక్కాయన, "చిన్నమ్మగారూ, ఆ గిన్నె ఇలా జరపండి. అడుగున ఉన్నది ఎవరికీ ఇవ్వకండి" అని, దాంట్లోనే అన్నం కలుపుకుని తుడిచి మరీ తిన్నాడు. అందరూ నవ్వారు. పెద్దకోడలి భర్త కూడా నవ్వాడు. ఆ నవ్వే ఆమెకి గుచ్చుకుంది.

ఆ రోజు ఆమె కూర సగం మిగిలింది. నడవాలో అత్తగారి అడుగుల చప్పుడు వినబడేసరికి, తలుపు వెనక నిలబడి ఆ సగం గబగబా తినేసింది. అప్పటికే ఆమె భోజనం అయింది. ఆకలి లేదు. గిన్నె మాత్రం ఖాళీ అయింది.

అలా రోజూ అదే పని మొదలైంది. చిన్నదాని కూరని మించిపోవాలని నూనె పెంచింది, కారం పెంచింది. జిడ్డుకి జడిసి జనం ఇంకా తక్కువ వేసుకున్నారు. మిగిలేది ఇంకా ఎక్కువైంది. అత్తగారికి అదేం తెలుసు?

"నీ గిన్నె అద్దంలా ఉంటోందమ్మాయ్! పాపం, పనివాళ్ళకి చాలడం లేదేమో. రేపటి నుంచి పెద్ద గిన్నె పెట్టు" అంది.

పెద్ద గిన్నె పెట్టక తప్పలేదు. అదీ ఆమే తినక తప్పలేదు.

ఇంకోపక్క చిన్నకోడలు కూడా లోలోపల ఉడికిపోయేది. "అక్కా, పొగడ్తలు నాకు, ఖాళీ గిన్నె మీకు! ఏం మందు కలుపుతున్నారో నాకూ చెప్పండి" అంది ఒకసారి. మూతి నవ్వింది గాని కళ్ళు నవ్వలేదు. ఆ కళ్ళు చూసి పెద్దకోడలికి ఎంత హాయిగా అనిపించిందో! ఏ కూరలోనూ లేని రుచి అది. మర్నాడు తలుపు వెనక ఇంకో రెండు ముద్దలు సులువుగా దిగాయి.

జాకెట్లు బిగుతయ్యాయి. "ఇక విప్పడానికి లోపల కుట్టు లేదమ్మా, కొత్త గుడ్డ తెచ్చుకోండి" అన్నాడు దర్జీ. మెట్ల మధ్యలో ఆగి రొప్పేది. భర్త చూస్తూ ఊరుకోలేకపోయాడు.

"ఒకసారి డాక్టరుకి చూపిద్దామా?"

"తిని కూర్చుంటున్నానని దెప్పుతున్నారా?"

"తినొద్దన్నానా? ఆకలేసినప్పుడు తినమంటున్నాను."

బల్ల దగ్గర కూర్చున్నప్పుడు అందరితోపాటు ఆమె కూడా అన్నానికి దండం పెట్టుకునేది. తలుపు వెనక తినేటప్పుడు మాత్రం చేతులు జోడించబుద్ధి అయ్యేది కాదు. ఆకలి ఇచ్చిన దేవుడు అన్నం ఇచ్చాడు, సరే. ఆకలే లేని ఈ తిండి ఎవరిచ్చినట్టు? ఎవరికి దండం పెట్టాలి?

ఇంతలో అత్తగారు పురిటి సాయానికి కూతురి దగ్గరికి ప్రయాణమైంది. "నేను తిరిగొచ్చేదాకా వంటిల్లు ఒకరి చేతిలో పెట్టి వెళతాను. ఆవిడ చెప్పినట్టు రెండోవాళ్ళు వినాలి. ఎవరన్నది ఈ వారం గిన్నెలు చూసి చెబుతా" అంది. చిన్నది పురమాయిస్తే తాను ఉల్లిపాయలు తరగడమా? ఆ ఊహకే పెద్దకోడలికి ఒళ్ళు మండిపోయింది.

మర్నాడే పనివాళ్ళలో ఇద్దరు రాలేదు. పెద్ద గిన్నె దాదాపు నిండుగానే ఉండిపోయింది. ఆమె తలుపు వెనక చేరి తినసాగింది. గొంతు దాకా వచ్చింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా చెయ్యి ఆగలేదు. మంచినీళ్ళ కోసం వచ్చిన చిన్నకోడలు అలాగే నిలబడిపోయింది.

"అక్కా! అన్నం తిన్నారుగా ఇందాక?"

పెద్దకోడలి నోటినిండా కూర.

"అంటే... ఇదెవరూ తినడం లేదా? రోజూ మీరేనా?" చిన్నదాని మొహం ఒక్కసారి వెలిగిపోయింది. "ఈ గిన్నె చూసి నేనెంత ఏడ్చుకున్నానో తెలుసా!" అని నవ్వబోయింది. పెద్దకోడలి చెయ్యి దానంతట అదే మళ్ళీ గిన్నెలోకి వెళ్ళడం చూసి ఆ నవ్వు ఆగిపోయింది.

"చాలక్కా, చచ్చిపోతారు. ఇటివ్వండి, నేను పెరట్లో పారబోసి గిన్నె కడిగి పెడతాను. అత్తయ్యకి చెప్పను, ఒట్టు."

పెద్దకోడలు ముద్ద మింగింది. చిన్నది చేసిన సాయంతో తాను గెలవాలా? రేపటి నుంచి ఆ మొహం చూసినప్పుడల్లా ఈ ఉపకారం గుర్తురావాలా? అంతకన్నా ఓడిపోవడమే నయమనిపించింది.

"నీ సాయం నాకేం అక్కర్లేదు" అని, గిన్నె తీసుకెళ్ళి ఉన్నదున్నట్టు తోమే చోట పెట్టేసింది.

అత్తగారు వచ్చింది. వంగి చూసింది.

"ఇదేమిటే, ఇంత మిగిలింది?"

"రోజూ మిగులుతుందత్తయ్యా. నేనే తినేస్తున్నాను."

"ఎందుకు?"

"మీరు చూస్తారని."

అత్తగారు పీట లాక్కుని కూలబడింది. "నా చూపు తగలెయ్య! ఆ జాకెట్లు చూసి నువ్వు సుఖపడి ఒళ్ళు చేశావనుకున్నాను గాని..." అని తల పట్టుకుంది. అయినా అన్న మాట తప్పే మనిషి కాదు. వంటిల్లు చిన్నకోడలి చేతిలో పెట్టి ఊరెళ్ళింది.

మొదటిరోజు చిన్నకోడలు, "అక్కా, కూర ఇవాళ్టికి ఒకటే చేద్దాం. మీరు ఉల్లిపాయలు తరుగుతారా?" అంది. పెద్దకోడలు తరిగింది. ఆ కత్తిపీట చప్పుడుకి పక్కింటివాళ్ళు కూడా ఉలిక్కిపడి ఉంటారు. మధ్యాహ్నం అందరితోపాటు కొంచెమే తిని లేచిపోయింది.

సాయంత్రం బట్టలు మడత పెడుతుంటే కడుపులో ఏదో మెలిపెట్టినట్టయింది. ఏ జబ్బు వచ్చిందోనని భయపడింది. కాసేపటికి గాని అది ఆకలని తెలియలేదు.

వంటింట్లోకి వెళ్ళి కూర్చుంటే, చిన్నకోడలు కంచం పెట్టి అన్నం వడ్డించింది. "కూర ఎంత వెయ్యమంటారు?"

"నువ్వు వండిందేగా. కొంచెం చాలు."

ఉప్పు తక్కువైతే బాగుండునని నోట్లో పెట్టుకుంది. తక్కువ కాలేదు. చాలా బాగుంది. ఆ బాగుండడమే మళ్ళీ గుండెలో కలుక్కుమంది. ఆ బాధతోనే తింది, ఆకలి తీరేదాకా తింది.

"ఇంకొంచెం వెయ్యనా అక్కా?"

"వద్దు" అని కంచం మీద చెయ్యి అడ్డం పెట్టింది.